పట్టాయలో ఐదు దినములు

అనంతపురము జిల్లావారికి సముద్రము వినికిడి వస్తువే గాని కనుచూపు వస్తువు గాదు. తూర్పుకడలి మనకు 250 కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. పడమటికడలి అంతకంటెను దూరము. నైరృతి మేఘములు పడమటి కనుమలపై తమ బరువు దించుకొని తేలికపడి మన మీదుగా సాగిపోవును. ఈశాన్య మేఘములు తీరమునందే చాలవరకు కురిసి, మనదాక వచ్చుసరికి అలసిపోవును. ఇందుచేత ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో మనము బ్రతుకవలసియున్నది. అట్టి సీమలో, కల్యాణదుర్గమువైపు ఒక పల్లెలో పుట్టి, బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొనిన నేను, 2024వ సంవత్సరము ఫిబ్రవరిలో ఒంటరిగా థాయిలాండు దేశమునందలి పట్టాయ యను సముద్రతీర పట్టణమునకు పోయి, ఐదు దినములుండి వచ్చితిని.

ఆ పట్టణము పేరు చెప్పగానే మీలో కొందరు చిఱునవ్వు నవ్వుదురనియు, కొందరు మొగము త్రిప్పుకొందురనియు నేనెఱుగుదును. రెండింటికిని కారణము లేకపోలేదు. 2023 నవంబరునుండి ఆ దేశప్రభుత్వము భారతీయులకు వీసా అక్కఱలేకుండ చేసిన పిమ్మట, మన పల్లెలనుండి బెంగుళూరు చేరి నాలుగు రూకలు కూడబెట్టిన యువకులు గుంపులుగా అచ్చటికి పోసాగిరి. పోయివచ్చినవారు సముద్రమును గూర్చి చెప్పుదురు, విమానమును గూర్చి చెప్పుదురు. తక్కినదానిని గూర్చి ఇంట నోరు మెదపరు. చెప్పని ఆ సంగతి యేమో స్వయముగా చూచి, పెద్దలకు చెప్పదగినంత చెప్పవలెనని నాకు తోచినది. తోడు వచ్చెదమనినవారు ఇద్దరు ముగ్గురు లేకపోలేదు. కాని తోడున్నచో మాటలు మనలో మనకే సరిపోవును, పరులతో మాటాడు అవకాశము చిక్కదు. అందుచేత ఒంటరిగానే బయలుదేరితిని.

బెంగుళూరునుండి విమానము సుమారు నాలుగు గంటలలో బ్యాంకాకు చేరును. అచ్చటి విమానాశ్రయమునకు సువర్ణభూమి యని పేరు. ఆ పేరు చదివినప్పుడు నాకు బొత్తిగా పరదేశమున దిగినట్లు తోపలేదు. ఆ దేశపు పూర్వరాజధానియగు అయుత్థయ పేరు మన అయోధ్య పేరే. ఇప్పటి రాజవంశమువారిని ఒకటవ రాముడు, రెండవ రాముడు అని లెక్కింతురు; ఇప్పటి ప్రభువు పదవ రాముడు. ఏప్రిల్ 13వ తేదీన వచ్చు వారి నూతన సంవత్సరపు పండుగకు సోంగ్‌క్రాన్ అని పేరు. అది మన సంక్రాంతి శబ్దమే. ఆనాడు వీధులలో ఒకరిపై నొకరు నీళ్లు కుమ్మరించుకొందురు. బిందెడు నీటికై ట్యాంకరు చుట్టు పోరాడిన మనకిది వింతగా వినిపింపవచ్చును.

సువర్ణభూమినుండి బస్సులో రెండు గంటల ప్రయాణము. పట్టాయ చోన్‌బురి రాష్ట్రములో, బ్యాంకాకునకు ఆగ్నేయముగా సుమారు 150 కిలోమీటర్ల దూరమున నున్నది. 1767లో బర్మావారు అయుత్థయను ముట్టడించియుండగా, ఫ్రయా తాక్ అను సేనాని కొలదిమంది సైనికులతో తప్పించుకొని ఈ తీరము వెంట సాగిపోయెను. ఆయనయే తరువాత తాక్సిన్ రాజయ్యెను. ఆయన సేన విడిసిన చోటు గనుక "థప్ ఫ్రయా", అనగా ఫ్రయా సేన, అని పేరు వచ్చెననియు, కాలక్రమమున అది పట్టాయ యయ్యెననియు చెప్పుదురు. థాయి భాషలో పట్టాయ యనగా వానకాలపు ఆరంభమున నైరృతినుండి ఈశాన్యమునకు వీచు గాలి. మృగశిర కార్తెలో మనము ఏ గాలికై ఆకాశమువంక చూతుమో, ఆ గాలి పేరే ఆ యూరి పేరు.

1959 వఱకు అది జాలరిపల్లె. ఆ యేడు జూన్ నెలలో, కోరాట్ పట్టణమున విడిసియున్న అమెరికా సైనికులు కొందరు విశ్రాంతికై అచ్చటికి వచ్చిరి. వియత్నాము యుద్ధకాలమున అట్లు వచ్చువారి సంఖ్య పెరిగెను. సైనికుని జేబులోని జీతమునకై పానశాలలు వెలసెను, పానశాలలకై విడుదులు వెలసెను. 1975లో యుద్ధము ముగిసెను. సైనికులు పోయిరి, వ్యాపారము పోలేదు. 1978లో ఆ యూరికి ప్రత్యేక నగరపాలన మేర్పడెను. యూరోపు, రష్యా, చీనా దేశములవారు వరుసగా వచ్చిరి. ఇప్పుడు మనవారి వంతు వచ్చినది.

నేను తీరమునకు దూరముగా ఒక సందులోని చిన్న విడిదిలో గది తీసికొంటిని. వారి నాణెము బాహ్తు. అప్పుడది మనకు రెండు రూపాయలపై చిల్లర. ఊరిలో తిరుగుటకు వెనుక రెండు బల్లలు కూర్చిన చిన్న లారీలు కలవు. వానిలో అప్పుడు సామాన్యముగా పది బాహ్తులే. అన్నము ఎల్లెడల దొరకును, మజ్జిగ దొరకదు. మామిడి, అనాస, పనస కోసి సంచులలో పెట్టి వీధివీధిని అమ్ముదురు. శాకాహారికి కొంత కష్టమే గాని, భారతీయుల భోజనశాలలు అనేకములున్నవి. వానిలో సాంబారు సైతము దొరకినది.

ప్రతిదినము తెల్లవాఱకముందే లేచి తీరమునకు పోవుచుంటిని. ఆ వేళ పట్టణమింకను నిద్రింపబోవుచుండును. ఒకవైపు రాత్రియంతయు మేలుకొన్నవారు తూలుచు పోవుచుందురు. మఱియొకవైపు కాషాయము ధరించిన బౌద్ధభిక్షువులు భిక్షాపాత్రలతో వచ్చుచుందురు. సముద్రము ఆ రెండింటిని ఒకే తీరున చూచుచుండును. అది అఖాతము గనుక అలలు చిన్నవి. అంత నీరు కండ్లయెదుట కదలుచుండగా, చేతితో ఎత్తి నోట పోసికొన పనికిరాదను మాట నా మనసునకు ఎక్కుటకు రెండు దినములు పట్టినది. తీరపు ఇసుక కోతకు గుఱికాగా, 2018లో వేఱొకచోటినుండి ఇసుక తెచ్చి పఱచిరి. మనము చెఱువు పూడిక తీయ పాటుపడుచుండగా, వారు ఇసుక పోయ పాటుపడుచున్నారు.

ఒకనాడు ముప్పది బాహ్తులిచ్చి పడవలో కో లాన్ అను ద్వీపమునకు పోయివచ్చితిని. మఱియొకనాడు సత్యమందిర మను దారుమందిరము చూచితిని. లెక్ విరియఫాన్ అను సంపన్నుడు 1981లో దాని నారంభించెను. ఆయన 2000లో గతించినను పని సాగుచునేయున్నది. నూరు మీటర్లకు మించిన ఆ యెత్తైన కట్టడమంతయు చెక్క. బ్రహ్మ విష్ణు మహేశ్వరులు, వినాయకుడు, బుద్ధుడు అందు చెక్కబడియున్నారు. సముద్రపు గాలికి ఒకవైపు చెక్క శిథిలమగుచుండగా, మఱొకవైపు శిల్పులు క్రొత్తచెక్క చెక్కుచుందురు. లేపాక్షి చూచిన కండ్లకు శిల్పము క్రొత్త గాదు; కాని ఉలిచప్పుడు ఆగని గుడిని నేను చూచుట అదియే మొదలు.

ఇక రాత్రిని గూర్చి చెప్పవలెను. తీరపు దక్షిణపు కొనను ఒక వీధి కలదు. సాయంకాలమైన పిమ్మట అందు బండ్లు పోనీయరు. రంగుదీపములు, చెవులు పగులు వాద్యములు, ద్వారముల యెదుట వరుసగా కూర్చున్న స్త్రీలు. 1996నాటి చట్టము ననుసరించి ఆ దేశమున దేహవిక్రయము నిషిద్ధమే. చట్టము కాగితముపై నున్నది, వ్యాపారము వీధిలో నున్నది. నేను ఆ వీధిలో ఒక కొననుండి మఱొక కొనకు ఒక్కమాఱు నడచితిని. నడుమ మన యాసలో "ఏం పెద్దాయనా, ఈడికొచ్చినావే!" అని ఒక కేక వినిపించెను. చూడగా మనవైపు పడుచువారు నలుగురు. "మీరు చూచుచున్నదే నేనును చూడవచ్చితిని నాయనా" అంటిని. వారు తలలు వంచుకొని వీధికి అవతలివైపునకు పోయిరి. నేను వారిని దూషింపలేదు; కాని ఆ ద్వారముల యెదుట కూర్చున్నవారు ఎచ్చటినుండి వచ్చిరి అను ప్రశ్న నన్ను విడువలేదు.

దానికి ఉత్తరము నా విడిదిలోనే దొరకినది. అచ్చట గదులూడ్చి దుప్పట్లుతుకు స్త్రీ యొకతె, నలువది యేండ్లది, నన్ను "లుంగ్" అని పిలుచుచుండెను. లుంగ్ అనగా పెదనాన్న. ఆమె తన చేతిఫోనులో తన భాష పలుకగా, అది తెలుగు లిపిలో చూపెను. ఆమెది ఈసాన్ సీమ. ఈసాన్ అనగా మన ఈశాన్యమే. ఆ దేశపు విస్తీర్ణములో సుమారు మూడవవంతు అదియే. అదియు ఒక పీఠభూమి. అచ్చట వాన మనకంటె ఎక్కువే కురియును గాని, కురియవలసినప్పుడు కురియదు. కురిసినను ఇసుకనేల దానిని పట్టి యుంచదు. ఏటికి ఒక వరిపంట. పంట ఇంటికి చేరగానే పడుచువారు బ్యాంకాకునకో పట్టాయకో బస్సెక్కుదురు. పిల్లలు అవ్వతాతల కడ పెరుగుదురు. రంగుదీపముల వీధిలోని వారిలోను చాలమంది ఆ సీమవారేనట.

ఆమె యూరు తుంగ్ కులా రోంగ్‌హై అను మైదానపు అంచున నున్నదట. కులావారు ఏడ్చిన మైదానమని దాని యర్థము. పూర్వము కులా జాతి వర్తకులు, ఎంతటి ఓర్పుగలవారైనను, దానిని దాటుచు నీరు దొరకక ఏడ్చిరని కథ. 1980ల నుండి ప్రభుత్వము కాలువలు, గుంటలు, బాటలు వేయించి నేలను బాగుచేయించెను. ఇప్పుడా మైదానపు సువాసనబియ్యము దేశదేశములకు పోవుచున్నది. 2013లో యూరోపు సమాజమువారు ఆ ప్రాంతపు పేరుతోనే దానిని నమోదు చేసికొనిరి. ఏడ్చిన నేలకు పేరువచ్చినదని నేను సంతోషము తెలుపగా ఆమె, "బియ్యమునకు పేరు వచ్చినది, మాకు అప్పు మిగిలినది" అనెను. ఆమెకు పదునాలుగేండ్ల కూతురు కలదు. "ఆ పిల్లయు ఇచ్చటికి వచ్చునా?" అని అడిగితిని. ఆమె ఫోను ప్రక్కనబెట్టి దుప్పటి మడతపెట్టసాగెను. మడత ముగిసిన తరువాత ఫోను తీసికొని, "ఆమె రాకుండుటకే నేను వచ్చితిని" అని చెప్పెను.

పెద్దలారా, ఈ మాట వినుటకు పట్టాయ వఱకు పోనక్కఱలేదని మీరనవచ్చును. నిజమే. మన జిల్లాలో వేరుసెనగ ఎండినప్పుడెల్ల బెంగుళూరు కట్టడములకును, కేరళమునకును కుటుంబములు కుటుంబములే తరలిపోయినవి. కదిరి ప్రాంతమునుండి స్త్రీలను పని యిప్పింతుమని నమ్మించి దూరపు మహానగరములకు తరలించి అమ్మివేసిన వృత్తాంతములు పత్రికలలో పలుమాఱులు వచ్చినవి. ఈసాన్‌కు పట్టాయ యెట్లో, మనకు ఆ మహానగరములు అట్లు. అచ్చట మనవారు ఖరీదుదారులుగా కనిపించిరి. ఇచ్చట మన బిడ్డలే సరుకైరి. ఒకే కరవుసీమ రెండువైపుల నిలుచుట చూచి నా మనసు కలగినది.

నీటి సంగతియు ఇట్టిదే. పట్టాయ సముద్రపుటొడ్డున నున్నను త్రాగునది సముద్రమును గాదు. ఊరికి తూర్పున లోతట్టున మాప్ ప్రచన్ అను జలాశయము కలదు. దానినుండియు మఱికొన్నిటినుండియు నీరు వచ్చును. 2005లో ఆ తూర్పుప్రాంతమున వానలు లేక జలాశయములు అడుగంటినప్పుడు కర్మాగారములు సైతము తల్లడిల్లినవి. అనగా ఎంతటి వైభవముగల పట్టణమైనను, ఎచ్చటనో ఒక చెఱువుకట్టను నమ్ముకొనియే బ్రతుకుచున్నది. మన పెద్దలు విజయనగరకాలమున బుక్కరాయసముద్రమునకు సముద్రమని ఊరక పేరుపెట్టలేదు. ఉప్పుసముద్రము చూచివచ్చిన పిమ్మట ఆ పేరులోని భావము నాకు చక్కగా బోధపడినది. 2012లో హంద్రీ-నీవా నీరు జీడిపల్లికి చేరినది. కాని కాలువ నీరు వచ్చినను, రాకున్నను, ఊరిచెఱువు పూడిక తీయు బాధ్యత ఊరిదే.

కావున మీకు రెండు మనవులు చేసి ముగింతును. మొదటిది: పల్లెనుండి పనికై పోవువారిని ఆపుట మన తరము గాదు, ఆపుట న్యాయమును గాదు. కాని ఎవరు పోయిరి, ఎవరివెంట పోయిరి, ఏ యూరికి, ఏ కూలికి పోయిరి, అచ్చటి ఫోను సంఖ్య యేది అను సంగతులు వ్రాసియుంచుటకు ప్రతి గ్రామమున ఒక పుస్తకముండవలెను. దీనికి సర్కారు ఉత్తరువు అక్కఱలేదు; అక్షరము వచ్చిన పెద్ద యొకడు, రెండణాల వెల చేయని ఓపిక చాలును. నెలదాటి కబురు రాని పేరు కనబడగానే పోలీసుఠాణాకు పోవలెను. ముఖ్యముగా ఆడపిల్లల విషయమున, ఉద్యోగ మిప్పింతునని వచ్చినవాని ఊరుపేరు విచారింపక పంపరాదు.

రెండవది: ఊరు విడిచి పోయివచ్చిన మన కుఱ్ఱవారిని ఏమి సంపాదించితివని మాత్రమే అడుగుచున్నాము. ఏమి చూచితివని గూడ అడుగుడు. కోపముతో నడిగినచో చెప్పరు. దగ్గఱ కూర్చుండబెట్టుకొని అడిగినచో చెప్పుదురు. విలాసమునకై పోయిన పట్టణములో దుప్పట్లుతుకు తల్లి యేసీమనుండి వచ్చినదో ఒక్కమాఱు తెలిసికొన్నవాడు, ఆ వీధిలో మునుపటివలె నడువలేడని నా నమ్మకము. ఆమె సీమ పేరు వేఱు, భాష వేఱు. నేల మాత్రము మనదే.