ఎండ, గాలివాన, పడవ



వేసవి సెలవులు సమీపించుచున్నవి. ఢిల్లీలోని తెలుగు ఇండ్లలో ఈ దినములలో రెండే ప్రసంగములు: ఎండ ఎంత, రైలు టిక్కెట్టు దొరకెనా? ఊరు చేరిన పిదప పిల్లలు మొదట కోరునది పడవ షికారు. కొందరు గోదావరిపై పాపికొండలకు, కొందరు నాగార్జునసాగరమునకు, కొందరు హైదరాబాదులోని హుస్సేనుసాగరునకు పోవుదురు. ఊరికి పోలేనివారు నైనితాలు, భీమతాలు సరస్సులను చూచి వత్తురు. నీరున్న ఏట సోహ్నా దాపుననున్న దమదమా చెరువు కూడ ఆకర్షించును. కావున ఎండను, గాలివానను గూర్చి వాతావరణ శాఖ ఇచ్చు సూచనలు నీటిపై పోవువారికి ఏమి చెప్పుచున్నవో తెలిసికొనుట ఈ సభకు తగిన విషయమే.

ఢిల్లీకిని గోదావరికిని ఈ విషయమున గల సంబంధమును 2018వ సంవత్సరము మే నెల చక్కగ చూపినది. ఆ నెల 2వ తేదీ రాత్రి రాజస్థానములోని భరత్‌పూరు, ఆల్వారు ప్రాంతములను, ఉత్తరప్రదేశములోని ఆగ్రా ప్రాంతమును గాలిదుమారము చుట్టుముట్టెను. గోడలు కూలి, చెట్లు విరిగి నూరుమందికి పైగా మరణించిరి. 13వ తేదీ సాయంకాలము ఢిల్లీపై ధూళి కమ్మి, పట్టపగలే దీపములు వెలిగించవలసివచ్చెను. పాలమునకు రావలసిన విమానములు అనేకము దారి మళ్లెను. రెండు దినములు గడచెను. 15వ తేదీ సాయంకాలము కొండమొదలు నుండి గిరిజనులను, ఇతర ప్రయాణీకులను ఎక్కించుకొని గోదావరిలో దిగువకు వచ్చుచున్న లాంచి నాటి తూర్పుగోదావరి జిల్లా దేవీపట్నము మండలములోని మంటూరు సమీపమున పెనుగాలికి చిక్కి మునిగెను. సుమారు ఇరువదిమంది ప్రాణములు కోల్పోయిరి. వానజల్లు లోనికి రాకుండ తలుపులు, కిటికీలు మూసికొనిరనియు, అందువలన లోపలివారు పలువురు వెలుపలికి రాలేకపోయిరనియు నాటి పత్రికలు వ్రాసినవి. వారు విహారమునకు వచ్చినవారు కారు. ఆ ఏటిగట్టు గ్రామములకు లాంచియే బస్సు.

ఆ నదిలో వరద లేదు. ఆ దినమున తుపాను తీరము దాటలేదు. వేసవిలో ప్రతియేడును చూచు గాలివానయే వచ్చినది. అదియే ఇచ్చట గమనింపదగినది. తుపానుకు తెలుగువారు భయపడుదురు. దానికి పేరుండును, ముందుగ నాలుగైదు దినములు వార్త యుండును. వేసవి గాలివాన అట్లు కాదు. మధ్యాహ్నము రెండు గంటలకు ఆకాశమున లేని మేఘము అయిదు గంటలకు పడవను ముంచగలదు.

ఈ గాలివానను పుట్టించునది ఎండయే. కాగిన నేలపైని గాలి తేలికయై పైకి లేచును. దానికి తేమ తోడైనచో మేఘము పది పండ్రెండు కిలోమీటర్ల యెత్తునకు పెరుగును. ఉత్తరదేశమున పడమటి నుండి వచ్చు వాతావరణ అలజడులు ఇందుకు తోడుపడును. తెలుగు తీరమున బంగాళాఖాతపు తేమగాలి లోనికి వీచి, తూర్పు కనుమల మీదుగ వచ్చు వేడి పొడిగాలిని ఎదుర్కొనును. మేఘము నుండి రాలు వాన క్రిందనున్న పొడిగాలిలో కొంత ఆవిరియై, ఆ గాలిని చల్లబరచును. చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కుమ్మడిగ నేలకు దిగి, నలుదిక్కులకు పరుగెత్తును. ఢిల్లీ ప్రజలు ఆంధీ యనునదియు, తెలుగు రైతులు ఈదురుగాలి యనునదియు ఇదియే. వాన చుక్క పడకమునుపే, మేఘము ఇంకను కొన్ని కిలోమీటర్ల దూరమున నుండగనే ఈ గాలి వచ్చి తగులును. "వాన మొదలైనచో ఒడ్డునకు పోవుదము" అనుకొను పడవవాడు ఈ కారణముననే మోసపోవును.

గాలివేగము హఠాత్తుగ హెచ్చి గంటకు 40 కిలోమీటర్లు దాటి, కనీసము ఒక నిమిషము నిలిచినచో శాస్త్రజ్ఞులు దానిని స్క్వాల్ అందురు. నేలపై ఒక నిమిషము గాలి గొడుగును తిరుగవేయును. నీటిపై ఆ నిమిషము చాల దీర్ఘమైనది. కొండల నడుమ ఇరుకు దారిని వచ్చు గాలికి వేగము మరింత హెచ్చును. కొల్లేరు, పులికాటు వంటి లోతు తక్కువ సరస్సులలో అలలు దగ్గర దగ్గరగ, నిటారుగ లేచి, తాటిదోనెలను, అడుగు చదునైన చిన్న పడవలను నీటితో నింపును. లోతు లేదుగదా యని ధైర్యపడుటకు వీలులేదు.

ఇక సూచనల సంగతి. 1864లో కలకత్తాను తాకిన తుపాను, 1866, 1871 సంవత్సరములలోని వర్షాభావము కలిగించిన నష్టములను చూచి, 1875లో భారత వాతావరణ శాఖను స్థాపించిరి. నేడు ఆ శాఖ ప్రధాన కార్యాలయము లోడీ రోడ్డున మౌసమ్ భవనములో నున్నది. ఈ సభ్యులలో ఎందరో నిత్యము ఆ దారిని బస్సులో పోవుచుందురు. పాలములోను, మచిలీపట్టణములోను, విశాఖపట్టణములోను, హైదరాబాదులోను రాడార్లు మేఘములను పరిశీలించుచుండును.

శాఖవారు ఇచ్చు హెచ్చరికలకు నాలుగు రంగులు కలవు. ఆకుపచ్చ యనగా భయము లేదు. పసుపు యనగా గమనించుచుండుడు. నారింజ యనగా సిద్ధముగ నుండుడు. ఎరుపు యనగా వెంటనే తగు చర్య గైకొనుడు. మైదానములలో ఎండ 40 డిగ్రీలు చేరి, సాధారణము కంటె 4.5 డిగ్రీలు హెచ్చినచో వడగాలి యందురు, 6.4 డిగ్రీలు మించి హెచ్చినచో తీవ్ర వడగాలి. 45 డిగ్రీలు తాకినచో సాధారణముతో పనిలేకయే వడగాలి యగును. తీరప్రాంతములకు మాత్రము 40కి బదులు 37 డిగ్రీలే హద్దు. అచ్చట గాలిలో తేమ హెచ్చు గనుక చెమట ఆరదు. తక్కువ వేడియే ఎక్కువ బాధించును. ఢిల్లీలో 44 డిగ్రీలను ఓర్చినవారు "ఏలూరులో 39యేగదా" అనుకొనుట పొరపాటు. 2015 మే నెలలో దేశమున వడదెబ్బకు మరణించిన రెండువేలకు పైబడినవారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే.

గాలివానకు వేరుగ ఒక సూచన కలదు. దానిని నౌకాస్ట్ అందురు. ఇంగ్లీషు పదమే యైనను తెలుగు చెవికి అందులో నౌక వినబడుట మంచి శకునము. దాని ఆయుర్దాయము మూడు గంటలు. ఉదయము చూచిన సూచన సాయంకాలమునకు పనికిరాదు. పడవ నెక్కుటకు ముందు చూచినదే సూచన. మౌసమ్ అను పేరుగల ఫోను అనువర్తనములో ఈ సూచనలు లభించును. పుణెలోని ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ రూపొందించిన దామిని పిడుగుల జాడను తెలుపును. 2018 ఏప్రిల్ 24వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటలలో 36,749 పిడుగులు నమోదైనవనిన, ఈ జాడ ఎంత అవసరమో తెలియగలదు. విశాలమైన చెరువు నడుమ పడవలో నిలుచున్న మనిషి కంటె ఎత్తైన వస్తువు వేరొకటి యుండదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. వడగాలి హెచ్చరిక ఏమి చెప్పును? మధ్యాహ్నము 12 గంటల నుండి 3 గంటల వరకు ఎండలో తిరుగవలదని చెప్పును. అది హితవే. దానిని పాటించిన కుటుంబము భోజనము చేసి, కునుకు తీసి, ఎండ చల్లబడినదని నాలుగున్నరకు పడవ దగ్గరకు పోవును. చేపల వేటకు పోవువాడును అట్లే వలను సాయంకాలమునకు వాయిదా వేయును. కాని గాలివానలు తరచుగ విజృంభించునది ఆ సమయముననే! మధ్యాహ్నమంతయు నేల కుడిచిన వేడి అప్పటికి మేఘమై తలపై నిలుచును. ఎండ సూచనను మాత్రమే చదివినవాడు ఎండను తప్పించుకొని గాలివాన నోట పడును. రోహిణికార్తెలో రోళ్లు పగులునని పెద్దలు చెప్పుదురు. రోళ్లు పగిలిన సాయంకాలమే పడవలు తలక్రిందులగునని కూడ గుర్తుంచుకొనవలెను.

కావున రెండు సూచనలను కలిపి చదువవలెను. అట్లు చదివినచో వేసవిలో నీటిపై పోవుటకు తగిన వేళ ఒక్కటే మిగులును: ఉదయము. ఎనిమిది, తొమ్మిది గంటలలోపల షికారు ముగిసినచో ఎండయు లేదు, ఉరుమును లేదు. కొల్లేటి జాలరులు వేకువనే దోనెలు దింపుట అలవాటు మాత్రమే కాదు. అందులో తరతరముల వాతావరణ జ్ఞానము కలదు.

ఉద్యోగులకు ఒక సంగతి చెప్పనక్కరలేదు. ఉత్తరువు జారీయగుట వేరు, అది చేరవలసినవారికి చేరుట వేరు, చేరిన పిదప అమలు జరుగుట వేరు. హెచ్చరిక ఢిల్లీలో తయారై, జిల్లా కేంద్రమునకు పోయి, అచ్చట ఫైలులో నిదురించినచో దానివలన సరంగునకు లాభమేమి? ఫోనుకు సంకేతమందని కొండల నడుమ రేవులో దానిని ఎవరు చదివి వినిపింతురు? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరి వరదలో విహారపు పడవ మునిగి యాబదిమందికి పైగా మరణించిన పిదప, 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తొమ్మిది బోటు రేవులలో కంట్రోలు రూములకు శంకుస్థాపన చేసినది. రేవులో ఒక మనిషి, అతని చేతిలో తాజా సూచన, పడవను ఆపుటకు అధికారము: ఈ మూడును కలిసినప్పుడే మౌసమ్ భవనములోని శ్రమకు ఫలము దక్కును. చిన్న రేవులకు, చేపల పల్లెలకు ఇది మరింత అవసరము. విహారమునకు వచ్చినవాడు షికారు మానుకొనగలడు. వల వేయనిచో పూట గడవనివానికి మానుకొనుట కష్టము. "నేడు పోవలదు" అని మాత్రము చెప్పక, "పది గంటలలోపల తిరిగి రమ్ము" అని చెప్పగల సూచనయే అతనికి ఉపకరించును.

సెలవులకు పోవు కుటుంబములు మనస్సున నుంచుకొనవలసిన సంగతులు కొద్దియే. పడవలో కూర్చొనకమునుపే ప్రతివారును, పిల్లలతో సహా, లైఫ్ జాకెట్టు తొడిగి ముడులు బిగించుకొనవలెను; సీటు క్రింద దాచిన జాకెట్టు ప్రాణము కాపాడదు. నీటిపై చల్లగాలి తగులుచుండుటచే దాహము తెలియదు. ఎండ పైనుండియే కాక నీటి నుండియు ప్రతిఫలించి కాల్చును. కావున మంచినీరో మజ్జిగయో వెంట నుండవలెను. ఉక్కపోసి, గాలి స్తంభించి, ఒక దిక్కున మేఘము నల్లబడినచో, లేదా హఠాత్తుగ చల్లగాలి వీచినచో సంతోషింపక ఒడ్డునకు పోవలెను. మెరుపునకును ఉరుమునకును నడుమ మూడు క్షణముల వ్యవధికి ఒక కిలోమీటరు చొప్పున దూరము లెక్కకు వచ్చును. కాని లెక్కించుచు కూర్చొనుట కంటె, మొదటి ఉరుము విన్నంతనే దరికి చేరుట మేలు. చివరి ఉరుము వినిపించిన పిదప అరగంట దాటువరకు మరల నీటిలోనికి దిగరాదు. ఒడ్డున ఒంటరి చెట్టు క్రింద నిలువక, పక్కా కట్టడములోనికి పోవలెను.

అన్నిటికంటె కష్టమైనది మరియొకటి కలదు. డబ్బు చెల్లించి, పిల్లలను వెంటబెట్టుకొని రేవు చేరిన పిదప "నేడు పడవ నడువదు" అని సరంగు చెప్పినచో, అతనితో వాదింపకుండుట. సెలవు నాలుగు దినములే యని, ఢిల్లీ నుండి వచ్చితిమని, పెద్ద ఉద్యోగమని చెప్పి అతనిని ఒత్తిడి చేయరాదు. గాలికి హోదా తెలియదు. వద్దన్న సరంగునకు కృతజ్ఞత చెప్పి, పిల్లలకు ఒడ్డుననే ముంజెలు కొనిపెట్టి, మరునాటి ఉదయమునకు రండు. గోదావరి అచ్చటనే యుండును.