పటం ముందుగా చెప్పవలసిన మాట



మా తాతగారు, నాన్నగారు, మేము, మూడు తరాలుగా బడిపంతుళ్ళమే. ఈ మస్కట్ నగరంలో సాయంత్రం పూట పెద్దలకు తెలుగు అక్షరాలు నేర్పుతున్నాము. కంప్యూటరు పటాలతో ఈ పంతులుకేమి పని అని మీరనవచ్చు. ఆ పాఠం మాకు మా విద్యార్థిని ఒకామె చెప్పింది.

ఆమెది గోదావరి జిల్లా. ఇక్కడ ఇళ్ళలో పనిచేస్తుంది. ఆసుపత్రిలో ఉన్న చెల్లెలిని చూడబోయి, రువిలో దారి తప్పి, మాకు ఫోను చేసింది. "మాస్టారూ, పటం తెరిచాను. ఇందులో నేనెక్కడున్నానండీ?" అని ఏడ్చింది. తెరమీది నీలిచుక్క తానేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. "ఎదురుగా ఏముందమ్మా?" అన్నాము. "మసీదు మినారు, పక్కన పెట్రోలు బంకు" అంది. మినారును కుడిచేతి వైపు ఉంచుకుని నడవమన్నాము. చేరింది.

మస్కట్‌లో వీధికి వే నంబరు, ఇంటికి భవనం నంబరు ఉన్నాయి. అయినా మనమంతా "ఫలానా మసీదు వెనుక" అనే చెప్పుకుంటాము. మన ఊళ్ళో "రావిచెట్టు దాటాక, రామాలయం ఎదురుగా" అన్నట్లే. గూగుల్ సంస్థవారు భారతదేశంలో మనుషులు దారి ఎలా చెబుతారో అడిగి తెలుసుకుని, 2009లో తమ పటంలో గుర్తులతో దారి చెప్పడం మొదలుపెట్టారు. గుర్తు మలుపు చూపడమే కాదు, సరైన దారినే పోతున్నామన్న ధైర్యమూ ఇస్తుంది. 2021లో తెలుగుతో సహా పది భారతీయ భాషల్లో స్థలాల పేర్లు చూపే ఏర్పాటును విస్తరించారు. మన ఇస్రోవారి భువన్ కూడా 2009లోనే వచ్చింది. నేల, నీరు, పంట అన్నీ అందులో పొరలు పొరలుగా కనిపిస్తాయి. అంత సంపద ఉన్నా, ఏ పొర ఎందుకో తెలియని రైతుకు అది అందదు.

మా నాన్నగారు మూడో తరగతి పిల్లలచేత నేలమీద సుద్దతో ఊరి పటం గీయించేవారు. "ముందు మీ ఇల్లు పెట్టు. తర్వాత బడి. తర్వాత చెరువు" అనేవారు. పటానికి అదే వరుస.

ఈ సభలో ఇంజనీర్లయిన మన పిల్లలెందరో ఉన్నారు. వారికి మా మనవి. తెర తెరవగానే "మీరిక్కడ ఉన్నారు" అని తెలుగులో కనిపించాలి, వినిపించాలి. ప్రతి బొమ్మ కింద ఒక మాట ఉండాలి. అడిగినప్పుడే ఒక్కొక్క పొర రావాలి. తప్పు నొక్కితే "వెనక్కి" అనే మీట ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. తయారైన పటాన్ని మీ అమ్మగారి చేతికివ్వండి. నోరు మెదపకుండా పక్కన కూర్చోండి. ఆమె వేలు ఎక్కడ ఆగితే అక్కడ దిద్దవలసింది మీరే, ఆమె కాదు.

అమ్మగారు దేశంలో ఉంటే మా సాయంత్రపు తరగతికి రండి. ఆనాడు దారి తప్పిన ఆమె ముందు వరుసలోనే కూర్చుంటుంది. మీ పటం పరీక్షించడానికి సిద్ధంగా ఉంది.

సెలవు.