చదివే యంత్రం, మన ఊరి బావులు

 

"కంప్యూటరు తనంతట తానే చదివి నేర్చుకుంటుందంట, నిజమేనా?" అని ఇందాక టీ దగ్గర మా మాస్టారు అడిగారు. నిజమే సార్, కానీ అదెలాగో చెప్పాలి.

2010 జనవరిలో, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టామ్ మిచెల్ బృందం 'నెల్' అనే ప్రోగ్రాము మొదలుపెట్టింది. మన కాటూరు బిడ్డ రాజ్ రెడ్డి గారు 1969 నుంచి పనిచేసిన చోటు అదే. రాత్రీ పగలూ ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు పేజీలు చదవడమే నెల్ పనిగా ఉండేది. ముందు దానికి పది పదిహేను నగరాల పేర్లు ఇచ్చారు. ఆ పేర్ల పక్కన ఏ మాటలొస్తున్నాయో అది గమనించేది. "ఒంగోలు, నెల్లూరు వంటి పట్టణాలు" అని చదివిందనుకోండి, "వంటి పట్టణాలు" ముందు వచ్చే ప్రతి పేరూ పట్టణమేమోనని అనుమానించేది. రుజువులు పెరిగితే నమ్మేది.

ఒకసారి బోల్తా కూడా పడింది. కుకీలంటే బిస్కెట్లు. కంప్యూటర్‌లో వెబ్‌సైట్లు దాచే చిన్న ఫైళ్లనూ కుకీలే అంటారు. నెల్ వాటినీ బేకరీ సరుకనుకుంది. జనం కుకీలు తొలగించినట్టే ఫైళ్లూ తొలగిస్తారు కదా, ఆ లెక్కన ఫైళ్లను కూడా బేకరీలో పెట్టేసింది! మనుషులు దిద్దాల్సి వచ్చింది.

ఇప్పటి యంత్రాల పద్ధతి వేరు, తర్వాతి మాటను ఊహిస్తూ నేర్చుకుంటాయి. తిండి మాత్రం అదే: మనుషులు రాసిపెట్టింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మన కనిగిరి నెల్లూరు జిల్లాలోది. 1972లో కొత్త జిల్లాకు ప్రకాశం పేరొచ్చింది. పాత పుస్తకాలే చదివిన యంత్రం మనది నెల్లూరు జిల్లా అంటే తప్పు పట్టలేం. మా తాత కూడా చివరిదాకా అలాగే అనేవాడు.

నీళ్ల సంగతి అలా కాదు. మన ఫ్లోరైడు గురించి ఇంగ్లీషులో రిపోర్టులు బోలెడు. పళ్లు గారపడతాయని, ఎముకలు వంగుతాయని యంత్రం గడగడా చెబుతుంది. ఏ బావి నీళ్లతో కందిపప్పు ఉడికేదో, ఏ బావి దగ్గర తెల్లారుజామున బిందెలు వరసకట్టేవో ఎవరూ రాయలేదు, దానికి తెలియదు.

మా అమ్మకు తెలుసు. ఆమెకు ఎనభై రెండేళ్లు. పోయిన నెల ఫోన్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాను. మూడు మంచినీళ్ల బావుల పేర్లు చెప్పింది. నాలుగోది, గుడి వెనక పూడ్చేసిన దిగుడుబావి, దాని పేరు గుర్తుకు రాలేదు. మీలో ఎవరికైనా తెలిస్తే భోజనాల దగ్గర చెప్పండి, రాసుకుంటాను.