ఉచిత న్యాయం భిక్ష కాదు, ఆడబిడ్డ హక్కు

(కీసరలో మహిళలు, విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిరపకోతల రోజుల్లో పని మానుకుని మీరు ఇక్కడికి వచ్చారు. పూట కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లకు ఉత్త ఉపన్యాసం ఇచ్చి పంపితే అది మోసమే అవుతుంది. అందుకని ఇంటికి తీసుకుపోయి పక్కింటి ఆమెకు చెప్పగలిగే నాలుగు మాటలు చెబుదామని వచ్చాం.

మొదటి మాట ఇదే. మీలో ఏ ఆడమనిషి కోర్టుకు వెళ్లాల్సి వచ్చినా లాయరును ఉచితంగా ఇవ్వాల్సిన బాధ్యత ఈ దేశ చట్టం మీద ఉంది. అది ఎవరి దయా కాదు. ఏ పార్టీ పథకమూ కాదు. 1987లో పార్లమెంటు చేసిన న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబర్ 9 నుంచి అమల్లో ఉంది. అందులో 12వ సెక్షన్ చదవండి. ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, వెట్టిచాకిరీలో చిక్కినవాళ్లు, కార్మికులు, వరదలు, కుల దాడుల బాధితులు, నిర్బంధంలో ఉన్నవాళ్లు - వీళ్లందరితో పాటు 'మహిళ లేదా బాలలు' అని విడిగా రాసి ఉంది. పేద మహిళ అని రాయలేదు. తెల్లకార్డు ఉన్న మహిళ అని రాయలేదు. ఉత్త మహిళ అని రాశారు. అంటే ఆదాయ ధ్రువపత్రం కోసం మీరు ఏ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. ఆడమనిషి అయితే చాలు, కేసులో పస ఉంటే చాలు.

ఎందుకింత విడమరిచి చెబుతున్నాం? పెద్ద చదువులు చదివిన ఉద్యోగినులకు కూడా ఈ సంగతి తెలియదు కనుక. 'మాకు జీతం ఉంది కదా, మాకెందుకిస్తారు' అంటారు. జీతం మీ పేరున ఉండొచ్చు. ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది? ఆడదాని ఆదాయం ఆమె చేతిలో ఉండదన్న నిజం తెలిసినవాళ్లే ఆ సెక్షన్ రాశారని మేం అనుకుంటున్నాం.

లాయరు ఫీజు ఒక్కటే కాదు. కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, టైపు ఖర్చు, తీర్పు నకళ్ల ఖర్చు కూడా ఇందులో భాగమే. నందిగామ, జగ్గయ్యపేట కోర్టుల్లోనే మండల న్యాయ సేవాధికార కమిటీలు ఉన్నాయి. తెల్ల కాగితం మీద రాసివ్వొచ్చు. రాయడం రాకపోతే నోటితో చెప్పొచ్చు, అక్కడివాళ్లే రాసుకోవాలి. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి. అది జాతీయ న్యాయ సేవాధికార సంస్థ నంబరు.

మరి ఇంత హక్కు ఉంటే మన ఊళ్లలో కాపురం చెడిన ఆడపిల్ల ముందుగా ఎవరి దగ్గరికి పోతున్నది? పెద్దమనుషుల దగ్గరికి! రావిచెట్టు కింద పంచాయితీ పెడతారు. రెండు వైపులా డిపాజిట్ కట్టిస్తారు. అమ్మాయిని మాత్రం దూరంగా నిలబెడతారు. 'సర్దుకుపోవాలమ్మా, ఆడపిల్లవి' అంటారు. ఇచ్చిన కట్నంలో సగం వెనక్కిస్తే చాలన్నట్టు తీర్పు చెబుతారు. పిల్లల గురించి ఎవరూ అడగరు. ఆ తీర్పుకు కాగితం ఉండదు, అమలు ఉండదు, అప్పీలు అసలే ఉండదు. పెద్దమనుషులందరూ చెడ్డవాళ్లని మేం అనడం లేదు. న్యాయంగా మాట్లాడేవాళ్లూ ఉన్నారు. కానీ ఆమెకు కోర్టు దారి కూడా తెలిసినప్పుడే ఆ చెట్టు కింద ఆమె మాటకు విలువ వస్తుంది. దారి తెలియని మనిషికి దక్కేది రాజీ కాదు, లొంగుబాటు.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన సమస్య ఒకటుంది. మనం హద్దు మీద బతుకుతున్నవాళ్లం. మునేరు ఖమ్మం మీదుగా వచ్చి మన కీసర ముంగిట పారుతున్నది. దాన్ని ఏ చెక్‌పోస్టూ ఆపలేదు. మన వియ్యాలూ అంతే. జగ్గయ్యపేట పిల్లను కోదాడకు ఇస్తాం, మధిర పిల్లను నందిగామకు తెచ్చుకుంటాం. 2014 జూన్ 2న రాష్ట్రాలు రెండయ్యాయి. 2019 జనవరి 1 నుంచి హైకోర్టులూ రెండయ్యాయి. రాష్ట్రాల సంగతిలో మనలో ఎవరి అభిప్రాయం వారికి ఉండొచ్చు. కానీ ఆ గీత ఆడపిల్ల మెడకు ఉరి కాకూడదన్న దగ్గర మనందరిదీ ఒకటే మాట కావాలి.

ఇలా అనుకోండి. ఇటు పిల్లను గరికపాడు చెక్‌పోస్టు అవతలి ఊరికి ఇచ్చారు. కొట్టి, చంటిబిడ్డతో బస్సెక్కించారు. పుట్టింటికి చేరింది. 'మాది వేరే రాష్ట్రం, కేసు పెట్టుకోవాలంటే మా దగ్గరికి వచ్చి పెట్టుకో' అని అత్తింటివాళ్లు కబురు పంపారు. ఏ ఊళ్లో కొట్టారో ఆ ఊరి స్టేషన్‌కే పొమ్మని ఇక్కడ ఎవరో సలహా ఇచ్చారు. ఆ పిల్ల నోరు మూసుకుని మిరపచేనుకు పోయింది. ఎన్ని ఊళ్లలో ఇదే కథ!

అది అబద్ధం, అమ్మా! గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 చట్టం, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉన్నది, ఏం చెబుతోంది? బాధితురాలు తాత్కాలికంగా తలదాచుకున్న చోట కూడా మేజిస్ట్రేటు దగ్గర కేసు వేయొచ్చని 27వ సెక్షన్ చెబుతోంది. అక్కడ ఇచ్చిన ఉత్తర్వు దేశమంతా చెల్లుతుందనీ అదే సెక్షన్ చెబుతోంది. మనోవర్తి కేసు కూడా భార్య నివసిస్తున్న చోట వేయొచ్చు. 498ఎ అని మనం పిలిచే వేధింపుల కేసు కూడా, ఆమె తరిమివేతకు గురై తలదాచుకున్న ఊళ్లో పెట్టొచ్చని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. నేరం ఎక్కడ జరిగినా ముందు ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ పోలీసులకు చెబుతోంది. 'మా పరిధి కాదు' అన్న మాటకు ఇక తావు లేదు. పాత 125 ఇప్పుడు 144 అయింది, పాత 498ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85 అయింది. నంబర్లు మారాయి. హక్కు మారలేదు.

ఇంకో మాట. ఇల్లు మామగారి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు కోడలికి ఉందని అదే గృహహింస చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. 'మా ఇంట్లోంచి పో' అనగానే పెట్టె సర్దుకోనక్కర్లేదు.

ఆస్తి సంగతికి వద్దాం. ఈ విషయంలో తెలుగు నేల దేశానికి దారి చూపింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అది 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు వర్తించింది. దేశమంతటికీ ఆ హక్కు 2005 సెప్టెంబర్ 9న వచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నది చూడక్కర్లేదు, అది పుట్టుకతో వచ్చిన హక్కు అని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా మన ఇళ్లలో ఏం జరుగుతోంది? పండక్కి పిలిచి, చీర పెట్టి, పసుపు కుంకుమ ఇచ్చి, రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోయి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టిస్తున్నారు. చీర తీసుకోండి, అక్కలారా. సంతకం పెట్టేముందు మాత్రం ఆ కాగితం ఎవరిచేతనన్నా చదివించుకోండి.

లోక్ అదాలత్‌లోనూ ఇదే జాగ్రత్త కావాలి. అక్కడ రాజీ త్వరగా అవుతుంది, మంచిదే. కానీ అక్కడ ఇచ్చిన అవార్డు మీద అప్పీలు లేదు. అందుకని ఎంత ఇస్తారు, ఎప్పుడిస్తారు, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు - అన్నీ రాయించుకున్నాకే వేలిముద్ర వేయాలి. ఇష్టం లేకపోతే లేదని చెప్పే హక్కు మీకుంది. రాజీకి వీల్లేని నేరాలను లోక్ అదాలత్ కూడా ముట్టుకోకూడదు. చిన్నపిల్ల మీద అత్యాచారం జరిగితే 'రెండు లక్షలిచ్చి సరిపెడదాం' అనే పెద్దమనిషి చట్టం ముందు దోషి. 2012 పోక్సో చట్టం ప్రకారం, అలాంటి నేరం జరిగిందని తెలిసి చెప్పకపోవడమే నేరం. ఈ సభలో ఉన్న టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఈ మాట బాగా గుర్తు పెట్టుకోవాలి. ఆ బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవాలి, వీలైనంత వరకు మహిళా ఎస్సై తీసుకోవాలి, యూనిఫారం వేసుకుని రాకూడదు. ఆ బిడ్డకూ ఉచిత లాయరు హక్కు ఉంది.

పిల్లల గురించి మాట్లాడుతున్నాం కనుక మిరపచేల సంగతి చెప్పక తప్పదు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు బడి మానేసి గట్ల మీద చెల్లెళ్లను ఆడిస్తున్నారు, కాయలు ఏరుతున్నారు. టీసీ లేదని, పుట్టిన తేదీ కాగితం లేదని బడిలోంచి వెనక్కి పంపకూడదని 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం చెబుతోంది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న మాటను ఉద్యమంగా మార్చి, రంగారెడ్డి జిల్లా ఊళ్ల నుంచి వేల మంది పిల్లలను పని నుంచి బడికి మళ్లించింది ఎంవీ ఫౌండేషన్. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. అక్కడ గెలిచింది కేసుల వల్ల కాదు. ఊరే పిల్లల వెంట నిలబడటం వల్ల. అదే మనకు కావాల్సిన పాఠం. ఎక్కడైనా బాల్యవివాహం జరుగుతుంటే 1098కి ఫోన్ చేయండి. పెళ్లి అయిపోయినా కథ ముగియలేదు. ఆ పిల్లకు ఇరవై ఏళ్లు నిండేలోగా ఆ పెళ్లిని కోర్టులో రద్దు చేయించుకోవచ్చు.

మన తెలుగు గడ్డ మీద దుర్గాబాయి దేశ్‌ముఖ్ పుట్టింది. చిన్నతనంలో జరిగిన పెళ్లిని కాదనుకుని చదువుకుని లాయరైంది. రాజ్యాంగ సభలో కూర్చుంది. 1953లో చైనా వెళ్లి చూసి వచ్చాక, మన దేశానికీ కుటుంబ కోర్టులు కావాలని గట్టిగా అడిగింది. 1984లో ఆ చట్టం వచ్చింది. చదువురాని పేదవాడు తనకు లాయరు కావాలని అడగలేదు కనుక ఇవ్వలేదనడం చెల్లదని, న్యాయ సహాయం హక్కు ఉందని అతనికి చెప్పాల్సింది న్యాయస్థానమేనని 1986లో సుఖ్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. చూశారా, తెలియకపోవడం పేదవాళ్ల తప్పు కాదు. తెలిసీ చెప్పకపోవడం మన తప్పు.

ఉచిత లాయర్ల వ్యవస్థ సవ్యంగా ఉందని మేం అనం. వాళ్లకిచ్చే ఫీజు తక్కువ. వాయిదాకు రాని లాయర్లు ఉన్నారు. ఆ భయంతోనే మనవాళ్లు నగలు తాకట్టు పెట్టి ప్రైవేటు లాయరు దగ్గరికి పోతున్నారు. కానీ వదిలేస్తే వ్యవస్థ బాగుపడుతుందా? లాయరు రాకపోతే కమిటీకి రాసివ్వండి. మార్చమని అడగండి. అడిగేవాళ్లు పెరిగితే పనిచేసేవాళ్లూ పెరుగుతారు.

చివరిగా మూడు పనులు అడుగుతున్నాం. విద్యార్థి మిత్రులారా, ప్రతి బడి గోడ మీద, మార్కెట్ యార్డులో, బస్టాండులో మూడు నంబర్లు రాయండి: న్యాయ సహాయానికి 15100, మహిళలకు 181, పిల్లలకు 1098. ఉద్యోగ సోదరులారా, మీ ఆఫీసు గుమ్మం ఎక్కిన ఆడమనిషిని 'రేపు రా' అనకండి. ఆమెకు ఆ రేపు ఒక రోజు కూలి. దరఖాస్తు రాసిపెట్టండి, ఎక్కడికి వెళ్లాలో చెప్పండి. అక్కలారా, మొదటి వాయిదాకు ఏ ఆడపిల్లనూ ఒంటరిగా పంపకండి. పక్కన ఒక మనిషి కూర్చుంటే ఆమె తల ఎత్తి మాట్లాడుతుంది. మేం చూసిన నిజం అదే.

చట్టం పుస్తకంలో నిద్రపోతుంది. లేపాల్సింది మనం. కీసర నుంచి నందిగామ కోర్టు ఎంతో దూరం లేదు, అమ్మా. భయం ఒక్కటే దూరం. ఆ దూరం కలిసి నడుద్దాం.