కాలువ గట్టు మీది క్రైస్తవం



ఇరుగుపొరుగుతో క్రైస్తవుడి నడవడి ఎలా ఉండాలో ఈ సభలో నన్ను మాట్లాడమన్నారు. ఒంగోలులో నిలబడి ఈ మాట ఎత్తినవాళ్లు 1876–78 కరువును తలుచుకోక తప్పదు. ధాత నామ సంవత్సరంలో వానలు మొహం చాటేశాయి. గాదెలు ఖాళీ అయ్యాయి, పశువులు పడిపోయాయి, జనం ఊళ్లు వదిలి రోడ్డున పడ్డారు. అప్పటికి మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చి పదేళ్లు. కరువు పనుల కింద సర్కారు బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. అమెరికాలో కుర్రతనంలో సర్వే పని నేర్చిన మనిషి కాబట్టి, ఆయన ధైర్యం చేసి మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకున్నారు.

ఆ గట్టు మీద ఏం జరిగిందో కాస్త నిదానంగా చూడాలి. ఊరూరా తిరిగి సువార్త చెప్పే బోధకులే అక్కడ మేస్త్రీలు. జనానికి తాటాకు పాకలు వేయించారు. పని ఒప్పజెప్పేదీ, తవ్విన మట్టి కొలిచేదీ, కూలి లెక్క చూసేదీ వాళ్లే. తోలుపనికి అలవాటుపడ్డ మాదిగలు పార పట్టారు. డొక్కలు ఎండినవాడు ఎన్ని తట్టలు మోయగలడో పక్కన నిలబడి చూసేవాడికే తెలుస్తుంది. మధ్యాహ్నం పని ఆపిన వేళ అదే మేస్త్రీ వాళ్లతోపాటు కూర్చుని కష్టసుఖాలు మాట్లాడేవాడు, తన నమ్మకం గురించీ చెప్పేవాడు. దానం పుచ్చుకోవలసిన అగత్యం లేకుండా, చెమటోడ్చిన డబ్బుతో ఆ సంసారాలు గంజి కాచుకున్నాయి.

గట్టు మీద జరగనిది ఇంకొకటి ఉంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది అదే. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు, బోధకులూ ఒత్తిడి చేశారు. క్లౌ ఒప్పుకోలేదు. కూలి, గింజలు చేతులు మారుతున్నంత కాలం, ఏడాది పైచిలుకు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం వచ్చినవాడెవడో, నమ్మి వచ్చినవాడెవడో ఆకలి వేళ తేలదని ఆయనకు తెలుసు. కరువు సాయం ఆగిపోయాకే తలుపు తీశారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన సంఘాల వార్షికోత్సవాల్లో ఈ అంకె తప్పకుండా వినిపిస్తుంది. నాకు మాత్రం అంతకుముందు గడిచిన ఆ ఖాళీ నెలలే గొప్పవి. పెట్టిన చెయ్యి తిరిగి చాచని నెలలవి.

లూకా సువార్త పదో అధ్యాయంలోని సమరయుడూ అంతే. దెబ్బలు తిన్నవాడి గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు, కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించి సత్రానికి చేర్చాడు. సత్రం మనిషికి రెండు దేనారాలు ఇచ్చి, మిగతాది తిరిగొచ్చేటప్పుడు తీరుస్తానని వెళ్లిపోయాడు. గాయపడ్డవాడు కళ్లు తెరిచాక ఏమన్నాడో, సమరయుల మతంలో కలిశాడో లేదో యేసు చెప్పలేదు. ఆ సంగతి ఆ కథకు అక్కర్లేదు.

గుంటూరులో అన్నా కుగ్లర్ దొరసాని కూడా నాకు ఈ వరుసలోనే కనిపిస్తారు. 1883లో వచ్చిన ఆ డాక్టరమ్మ చెయ్యి తగిలితే మైల అనుకున్న ఇళ్లుండేవి. ఆ ఇళ్ల ఆడవాళ్ల కాన్పులకూ ఆమె వెళ్లారు. 1898లో ఆసుపత్రి తెరిచారు, 1930లో గుంటూరులోనే కన్నుమూశారు.

ఇక మన సంగతి. పక్కింటివాళ్లకు మనం సాయం చేస్తే దాని వెనక మతం మార్చే ఎత్తుగడ ఉందేమోనన్న అనుమానం ఈనాడు ఊళ్లలో బలంగా ఉంది. ఆ మాట విని మనవాళ్లు నొచ్చుకుంటారు, నాకూ నొప్పిగానే ఉంటుంది. కానీ కోపంతో దానికి జవాబు దొరకదు. దుప్పటి ఇస్తూ మధ్యలో కరపత్రం పెడుతున్నామా? బియ్యం సంచి అందుకునే ముసలమ్మను ఫ్లెక్సీ ముందు నిలబెట్టి ఫోటో తీస్తున్నామా? అలా చేస్తున్నంత కాలం అనుమానించేవాడిని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

అంతకన్నా కష్టమైన మాట ఒకటుంది. చాలా పల్లెల్లో మాల పేటకొక గుడి, మాదిగ పేటకొక గుడి. రెండింటిలో చదివేది ఒకే బైబిలు. ఒక పేటలో శవం లేస్తే రెండో పేటవాళ్లు దూరాన నిలబడి చూస్తారు. చావు జరిగిన ఇంట పొయ్యి వెలగదని, ఇరుగుపొరుగు కాఫీ, అన్నం పట్టుకెళ్లాలని తెలుగునాట ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. ఆ అన్నం గిన్నె పేట దాటని చోట పొరుగువాడిని ప్రేమించాలన్న ఆజ్ఞను వల్లించడం దేవుడి ముందు అబద్ధమాడటమే.

ఎవరి పేర ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారికి ఈ సంగతులన్నీ తెలుసు. ఆయన ఉపన్యాసాలు ఇవ్వలేదు. సాయంత్రం బడి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుంటే జనం కాగితాలు పట్టుకొచ్చేవారు. వితంతు పింఛను, రేషను కార్డు, మనియార్డరు ఫారం, తాసీల్దారుకు అర్జీ. రాసిచ్చేవారు. ఆపైన ఆయన చేసే పనే నాకు కళ్లకు కట్టినట్టుంది. రాసింది మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించేవారు. “నువ్వు చెప్పిందే రాశానా అమ్మా?” అని అడిగేవారు. ఆమె ఔనన్నాకే ఇంకు ప్యాడ్ జరిపేవారు. తను వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో ఆ మనిషికి తెలియాలని ఆయన పట్టుదల. మసీదు వీధివాళ్లూ వచ్చేవారు, రామాలయం వీధివాళ్లూ వచ్చేవారు. ఆదివారం గుడికి రమ్మని ఆ అరుగు మీద ఆయన ఒక్కరినీ పిలవగా నేను వినలేదు. తనది ఏ మతమని ఎవరైనా అడిగితే దాచలేదు, అడగనివాళ్లకు చెప్పనూ లేదు.

అలాంటి పని మన ఊళ్లో ఈ రోజు ఎక్కడుంది? పెద్దాసుపత్రిలో ఉంది. వార్డులో తోడు లేని రోగి పరిస్థితి మీరు చూసే ఉంటారు. స్కానింగుకు తోసుకెళ్లేవాళ్లుండరు, మందుల చీటీ పట్టుకుని కిందికి దిగేవాళ్లుండరు, రాత్రి మంచినీళ్లు అందించేవాళ్లుండరు. మాస్టారి పేర ఉన్న ధర్మనిధి మీద వచ్చే వడ్డీని, ఈ ఉపన్యాసాల ఖర్చు పోను, అక్కడ రోగులకు తోడు కూర్చునేవాళ్ల బస్సు చార్జీలకూ భోజనాలకూ వాడుకోవడానికి ఆయన కుటుంబం ఒప్పుకుంది. వారానికో రాత్రి చాలు. బైబిలు మీ సంచిలో ఉండవచ్చు, కరపత్రాలు మాత్రం వద్దు. రెండు పేటల నుంచీ పేర్లు రావాలి, ఒక్కో రాత్రికి రెండు పేటల నుంచి ఒక్కొక్కరు కలిసి కూర్చోవాలి. నోటుబుక్కు ఆఖరి వరుస దగ్గర బల్ల మీద పెట్టించాను. వెళ్లేటప్పుడు పేరు, ఫోను నంబరు, మీకు వీలైన రోజు రాసి వెళ్లండి.