ముసుగునకు ఊరున్నదా?

1870లో నెలకొన్న పెక్ సాన్ చీనా శ్మశానవాటిక స్థలమున తరువాతి కాలమందు వెలసి, ఆ పేరునే మాండరిన్ ఉచ్చారణమున ధరించిన సింగపూరు బిషాన్‌కు నామాంతరము క్రొత్త కాదు. దాని పొరుగుననున్న ఆంగ్ మో కియో పట్టణ మండలి వెబ్‌సైటును 2013 అక్టోబరులో చెరచి, తన్ను ‘మెస్సయ్య’ యని చాటుకొనిన హ్యాకరుకు మాత్రము నామమే సర్వస్వము, ఊరు శూన్యము. గై ఫాక్స్ ముసుగు వెనుక మొగము దాచి, దేశదేశముల సర్వర్ల మీదుగా సంకేతములు నడిపి జాడ చెరిపి, సైబర్ లోకమే స్వస్థలమనుకొనుట అట్టి హ్యాకర్ల ఆచారము. చిరునామా లేకుండుటయే వారి బిరుదేమో! ఎంత విహరించినను, కీబోర్డు మీది వ్రేళ్లు ఏదో యొక గదిలోనే యుండును గదా. ఆ యేటి నవంబరులో ఈ ‘మెస్సయ్య’ కౌలాలంపూరున పట్టుబడెను. 2015 జనవరిలో సింగపూరు న్యాయస్థానము 4 సంవత్సరముల 8 నెలల కారాగారశిక్ష విధించెను.