కోడలు పట్టిన కత్తెర యంత్రం



ఈ పూట ప్రసంగం ఒక యంత్రం గురించి. కంచె మొక్కలను కత్తిరించే పెట్రోలు యంత్రం అది. కొందరు హెడ్జి మిషను అంటారు. కొందరు కత్తెర మిషను అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. ముందుగా ఒక అత్తా కోడళ్ల సంగతి వినండి.

తూర్పు గోదావరి జిల్లాలో కడియం ఉంది. రాజమహేంద్రవరానికి దగ్గర. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, ఇలా చుట్టుపక్కల ఊళ్ల నిండా పూల మొక్కల నర్సరీలే. గోదావరి ఒండ్రు మట్టి, కాలువ నీళ్లు అక్కడి మొక్కకు బలం. ఆ నర్సరీల్లో వేలమంది ఆడవాళ్లు పని చేస్తారు. కవర్లలో మట్టి నింపుతారు. అంట్లు కడతారు. కలుపు తీస్తారు. మొక్కలు లారీలకు ఎక్కిస్తారు.

అలాంటి ఒక నర్సరీలో అత్త, కోడలు ఇద్దరూ పని చేసేవారు. అక్కడ డ్యురంటా, నూరు వరహాలు, గోరింట వరసలుగా ఉండేవి. ఆ వరసలను గోడలాగా నున్నగా కత్తిరించాలి. పూర్వం పెద్ద కత్తెరతో కత్తిరించేవారు. ఆ తరవాత నర్సరీ రైతు పెట్రోలు యంత్రం కొన్నాడు. యంత్రం మగవాళ్లు పట్టేవారు. వెనక పడిన కొమ్మలు ఆడవాళ్లు ఏరేవారు. యంత్రం పట్టినవాడికి కూలి ఎక్కువ. ఏరినవాళ్లకు తక్కువ. ఆడ మగ తేడా లేకుండా సమాన పనికి సమాన కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. కానీ పనే వేరు చేసి ఇస్తే ఇక సమానం ఎక్కడిది?

ఒక రోజు మధ్యాహ్నం యంత్రంలో కొమ్మ ఇరుక్కుంది. పట్టినవాడు రేసు వదిలాడు. ఇంజను మాత్రం ఆపలేదు. కొమ్మను వేళ్లతో లాగాడు. కొమ్మ ఊడింది. ఊడగానే కత్తి కదిలింది. చూపుడు వేలి కొన తెగింది. అందరూ కేకలు వేశారు. ఒకరు పసుపు అన్నారు. ఒకరు కాఫీ పొడి అన్నారు. కోడలు మాత్రం ఉతికిన గుడ్డ తెచ్చి గాయం మీద గట్టిగా అదిమి పట్టింది. చెయ్యి పైకి ఎత్తి ఉంచింది. 108కి ఫోను చేయించింది. అదే సరైన పని. గాయంలో పసుపు, కాఫీ పొడి, మట్టి ఏదీ వెయ్యకూడదు. ధనుర్వాతం రాకుండా ఆస్పత్రిలో ఇంజక్షను వేయించాలి. వేలు తెగి పడిపోతే దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టాలి. ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టాలి. ఆ కవరును ఐసు మీద పెట్టి రోగితో పాటు పంపాలి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు.

ఆ మనిషి మళ్లీ ఆ పనికి రాలేదు. యంత్రం షెడ్డులో మేకుకు వేలాడింది. "రక్తం చూసిన యంత్రం" అన్నారు అందరూ. ఎవరూ ముట్టుకోలేదు.

కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఒక రోజు షెడ్డులో పారలు సర్దుతూ ఉంటే యంత్రం మీద అంటించిన కాగితం కనబడింది. అంకెలు చదివింది. 50:1 అని ఉంది. ఆ పక్కనే తెలుగులో నాలుగు మాటలు ఉన్న పుస్తకం దారానికి కట్టి ఉంది. ఎవరూ విప్పని పుస్తకం అది. ఇంటికి తీసుకుపోతానని రైతును అడిగింది.

"నీకెందుకమ్మా అది?" అన్నాడు రైతు.

"చదివి ఇస్తానండి. పాడు చెయ్యను" అంది కోడలు.

అత్తకు కోపం వచ్చింది. "మగాడి వేలే పోయింది. నువ్వు దాని జోలికి పోతావా? ఇద్దరు పిల్లల తల్లివి" అంది.

"వేలు యంత్రం తియ్యలేదు అత్తయ్యా. ఇంజను ఆపకుండా చెయ్యి పెట్టినందుకు పోయింది. పుస్తకంలో మొదటి పేజీలోనే రాసి ఉంది, చూడు" అంది కోడలు. అత్తకు చదువు రాదు. అయినా ఆ బొమ్మ చూసింది. చెయ్యి మీద అడ్డగీత ఉన్న బొమ్మ. అది అర్థం కావడానికి అక్షరాలు అక్కరలేదు.

వారం రోజులు రాత్రిళ్లు చదివింది. తెలియని మాటలు మెకానిక్ దగ్గరకు వెళ్లి అడిగింది. తరవాత యంత్రం పట్టింది. ఆమె నేర్చుకున్నవే ఇప్పుడు చెప్పేవి.

ఆ 50:1 ఏమిటో చూడండి. యంత్రాల్లో చాలావాటికి టూ స్ట్రోక్ ఇంజను ఉంటుంది. పాత మోపెడ్లకు ఉండేదే. దానికి వేరే ఆయిల్ ట్యాంకు లేదు. పెట్రోలులోనే టూటీ ఆయిల్ కలిపి పోయాలి. 50 పాళ్లు పెట్రోలు, 1 పాలు ఆయిల్. 1 లీటరు అంటే 1000 మిల్లీలీటర్లు. 1000ని 50తో భాగిస్తే 20. కాబట్టి 1 లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్. కొన్ని యంత్రాల మీద 25:1 అని ఉంటుంది. అప్పుడు 40 మిల్లీలీటర్లు. యంత్రం మీద ఏది రాసి ఉంటే అదే పాటించాలి. దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూత దీనికి బాగా పనికొస్తుంది. కానీ ఒకసారి దీనికి వాడిన మూత మళ్లీ మందుకు వాడకూడదు.

ఆయిల్ తక్కువైతే ఇంజను పట్టేస్తుంది. మరమ్మతుకు వేలు ఖర్చు. ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది. ఫోర్ స్ట్రోక్ యంత్రం అయితే పెట్రోలులో ఆయిల్ కలపకూడదు. దాని ఆయిల్ వేరే చోట పోస్తారు. ఈ తేడా ముందే అడిగి తెలుసుకోవాలి.

కలిపిన పెట్రోలు నెల దాటి ఉంచకూడదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడిన పెట్రోలుతో యంత్రం స్టార్ట్ కాదు. వారానికి సరిపడా కలుపుకుంటే చాలు. మంచినీళ్ల సీసాలో మాత్రం పొయ్యవద్దు. పిల్లలు దాహమని తాగేస్తారు. ఇలాంటి ప్రమాదాలు ఊళ్లలో జరుగుతూనే ఉన్నాయి. మూత గట్టిగా పట్టే డబ్బా కొని, మీద "పెట్రోలు" అని పెద్ద అక్షరాలతో రాయండి.

పెట్రోలు పోసేటప్పుడు ఇంజను ఆపాలి. చల్లారేదాకా ఆగాలి. బీడీ, పొయ్యి, అగ్గిపుల్ల దగ్గర ఉండకూడదు. పెట్రోలు ఆవిరి కంటికి కనబడదు. గాలి కంటే బరువు కాబట్టి నేల మీద పాకుతూ పోతుంది. అందుకే పోసిన చోట స్టార్ట్ చెయ్యకూడదు. కనీసం 10 అడుగులు పక్కకు తీసుకెళ్లాలి. ఒలికితే తుడవాలి. చీర మీద ఒలికితే చీర మార్చుకోవాలి. "ఆరిపోతుందిలే" అనుకోవద్దు.

చీర సంగతి వచ్చింది కాబట్టి బట్టల గురించి. కోడలు మొదటి రోజు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. కొంగు లోపల దోపింది. కుచ్చెళ్లు పైకి చెక్కింది. జడను ముడి వేసి గుడ్డ కట్టింది. గాజులు తీసి మూటలో పెట్టింది. అది చూసి అత్త ముఖం ముడుచుకుంది. గాజులు తియ్యడం ఆమెకు నచ్చలేదు. "సాయంత్రం మళ్లీ వేసుకుంటాను అత్తయ్యా. చెయ్యి ఉంటేనే కదా గాజులు" అంది కోడలు. నెల తరవాత ఆమె చీర మానేసి పాత ప్యాంటు, చొక్కా వేసుకుంది. అదే మేలు. కాళ్లకు బూట్లు కావాలి. హవాయి చెప్పులు పనికిరావు. కళ్లకు అద్దాలు తప్పకుండా ఉండాలి.

చెవుల గురించి ఎవరూ పట్టించుకోరు. ఈ యంత్రం మోత దాదాపు 100 డెసిబెల్స్ ఉంటుంది. 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలకు మించి వినకూడదని వైద్యుల లెక్క. 100 అయితే 15 నిమిషాలే. ఆ తరవాత వినికిడి కొంచెం కొంచెం పోతుంది. పోయినది తిరిగి రాదు. చెవిలో దూది పెట్టుకుంటే చాలదు. చెవులు మూసే కప్పులు దొరుకుతాయి. వాటిని రైతే కొని ఇవ్వాలి. కూలిలోంచి కొయ్యమని ఒప్పుకోకండి.

మొదలు పెట్టే ముందు కంచె చుట్టూ ఒకసారి నడవాలి. కర్రతో కొమ్మలు కదపాలి. లోపల ఇనుప తీగ ఉండవచ్చు, కరెంటు వైరు ఉండవచ్చు. పాము ఉండవచ్చు. కందిరీగల తుట్టె ఉంటే ఆ రోజుకు ఆ వరస వదిలెయ్యాలి. ఏరేవాళ్లు కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలి. అంటే దాదాపు 16 అడుగులు. యంత్రం ఆగాకే దగ్గరకు వచ్చి ఏరాలి. ఇంతకు ముందు మేస్త్రీలు ఏరేవాళ్లను యంత్రం వెనకాలే నడిపించేవారు. పని తొందరగా అవుతుందని. కోడలు ఆ పద్ధతి మాన్పించింది. ఎందుకంటే ఆ వెనకాల ఆమే నడిచింది.

స్టార్ట్ చేసేటప్పుడు యంత్రాన్ని చదునైన నేల మీద పెట్టాలి. కత్తి దేనికీ తగలకూడదు. ఒక చేత్తో గట్టిగా అదిమి పట్టాలి. ఇంజను చల్లగా ఉంటే చోక్ వెయ్యాలి. తాడును ముందు మెల్లగా లాగితే బిగువు తగులుతుంది. అప్పుడు గబుక్కున లాగాలి. తాడు చేతికి చుట్టుకోకూడదు. ఇంజను ఒకసారి దగ్గినట్టు అంటే చోక్ తీసి మళ్లీ లాగాలి. మూసిన షెడ్డులో స్టార్ట్ చెయ్యవద్దు. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. మనిషి స్పృహ తప్పుతాడు.

రేసు వదిలితే కత్తి ఆగిపోవాలి. వెంటనే ఆగదు, కొన్ని క్షణాలు పడుతుంది. రేసు వదిలినా కత్తి ఆడుతూనే ఉంటే ఆ యంత్రంతో పని చెయ్యకూడదు. మెకానిక్ చేత సరి చేయించాలి. కొందరు చెయ్యి నొప్పి అని రేసు మీటను రబ్బరు బ్యాండుతో కట్టేస్తారు. అది చావుతో ఆట.

రెండు చేతులతో రెండు పిడులు పట్టుకోవాలి. ఒక చేత్తో పని కాదు. భుజం కంటే పైకి ఎత్తకూడదు. నిచ్చెన ఎక్కి పట్టకూడదు. వెనక్కి నడవకూడదు. ముందు పక్కలు కత్తిరించాలి. కింది నుంచి పైకి, విల్లు వంపులో ఊపుతూ పోవాలి. తరవాత పైభాగం. కంచె అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండాలి. అప్పుడే కింది ఆకులకు ఎండ తగులుతుంది. లేకపోతే కింద మోడుగా మిగులుతుంది. వేలి కంటే లావు కొమ్మ వస్తే రంపంతో కోయాలి. యంత్రాన్ని బలవంతం చెయ్యవద్దు.

కొమ్మ ఇరుక్కుంటే ఏం చెయ్యాలి? ఇంజను ఆపాలి. ప్లగ్గు మీది టోపీ ఊడదియ్యాలి. అప్పుడు కర్రతో గాని, పటకారుతో గాని కొమ్మ తియ్యాలి. వేళ్లతో కాదు. ఇంజను ఆగినా కత్తి మీద బిగువు ఉంటుంది. కొమ్మ ఊడితే కత్తి ఒక్కసారి జరగవచ్చు.

ఏరిన కొమ్మల గురించి ఒక మాట. జాతీయ రహదారి మధ్యలో గన్నేరు పెంచుతారు. గన్నేరు ఆకు, కొమ్మ, పాలు అన్నీ విషమే. ఆ కొమ్మలు మేకలకు, గేదెలకు వెయ్యకూడదు. పొయ్యిలో పెట్టకూడదు. పొగ కూడా మంచిది కాదు. చేతులు కడుక్కోకుండా అన్నం తినకూడదు.

అరగంట పని చేస్తే 10 నిమిషాలు ఆగాలి. ఆ అదురుకు వేళ్లు తిమ్మిరి ఎక్కుతాయి. రోజూ తిమ్మిరి ఉంటే, వేళ్లు తెల్లబడితే, డాక్టరుకు చూపించాలి.

ఇక సాయంత్రం పని. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. యంత్రం చల్లారాక ప్లగ్గు టోపీ తీసి, కత్తి పళ్లకు అంటిన పసరు గుడ్డతో తుడవాలి. రెండు కత్తుల మధ్య నూనె చుక్కలు వెయ్యాలి. నూనె లేకపోతే కత్తులు ఒరుసుకుని వేడెక్కుతాయి. మొక్కను కొయ్యవు, నలుపుతాయి. నలిగిన కొన ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది. కొనేవాడు ఆ వరస చూసి ధర తగ్గిస్తాడు.

గాలి జల్లెడను రోజూ దులపాలి. స్పాంజి జల్లెడ అయితే సబ్బు నీళ్లలో ఉతికి, బాగా ఆరాక పెట్టాలి. ప్లగ్గు కొన గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా ఉంటే జల్లెడ మూసుకుందో, ఆయిల్ ఎక్కువైందో చూడాలి. నట్లు బిగించాలి. గేర్ల పెట్టెకు గ్రీజు ఎన్ని గంటలకు ఒకసారి కొట్టాలో పుస్తకంలో ఉంటుంది. కోడలు షెడ్డు గోడ మీద బొగ్గుతో రోజూ గంటలు రాసేది. 3, 4, 2, 5. వారానికి కూడేది. కత్తి పదును మాత్రం మెకానిక్ దగ్గరే పెట్టించేది. నెల పాటు పని లేకపోతే ట్యాంకు ఖాళీ చెయ్యాలి. తరవాత యంత్రం ఆగిపోయేదాకా నడపాలి. కత్తికి తొడుగు వేసి, పిల్లలకు అందని చోట పెట్టాలి.

మూడు నెలల తరవాత కోడలు రైతును అడిగింది. "యంత్రం పట్టినవాడికి ఇచ్చిన కూలే నాకూ ఇవ్వండి" అంది. రైతు వెంటనే ఒప్పుకోలేదు. "అతను మగవాడు కదమ్మా, బరువు మోశాడు" అన్నాడు. కోడలు గోడ మీద లెక్క చూపించింది. ఎన్ని గంటలు, ఎన్ని వరసలు, ఎంత పెట్రోలు, అన్నీ ఉన్నాయి. మునుపు నెలకు ఒకసారి మరమ్మతు వచ్చేది. ఈ మూడు నెలల్లో ఒక్కసారీ రాలేదు. రైతు ఆ గోడ వైపు చాలాసేపు చూశాడు. ఆ శనివారం పూర్తి కూలి ఇచ్చాడు. వెనక ఏరేవాళ్ల కూలి మాత్రం పెంచలేదు. అత్త ఇప్పటికీ పాత కూలికే ఏరుతోంది. ఆ మాట మళ్లీ అడగాలని ఇద్దరూ అనుకుంటున్నారు.

ఇప్పుడు అత్త కూడా గోడ దగ్గర నిలబడి అంకెలు పోల్చుకుంటోంది. మొన్న ఒక సాయంత్రం కోడలిని ఆపింది. "ఇవాళ 4 గంటలు కాదే, 3 గంటలే. టీ తాగడానికి ఆగావు" అంది. కోడలు చెరిపి 3 వేసింది.